స్విచ్ నొక్కకముందు

అక్టోబరు నెల వచ్చిందంటే విశాఖ మనిషికి ఒక కన్ను సముద్రం మీదే ఉంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డప్పుడు మద్దిలపాలెం కూడలి, దాని పక్కనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణ, అటు కైలాసగిరి, కంబాలకొండ, ఎక్కడ చూసినా వేళ్లతో సహా పెకలించుకుపడ్డ చెట్లే. జాతీయ రహదారికి అడ్డంగా పడ్డ మానులను ఎన్డీఆర్‌ఎఫ్ బృందాలూ, నగరపాలక సంస్థ సిబ్బందీ పవర్ రంపాలతో కోసి దారి చేశారు. గొడ్డలితో పూట పట్టే పని నిమిషాల్లో అయిపోవడం జనం కళ్లారా చూశారు. నాలుగేళ్ల తర్వాత, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు శ్రీకాకుళం జిల్లా వాళ్లూ చూశారు. ఇప్పుడు అలాంటి రంపమే, పెట్రోలుకు బదులు కరెంటుతో నడిచేది, ఫోన్లో ఆర్డరు పెడితే గుమ్మంలోకి వచ్చేస్తోంది. కొన్నవాడికి ఇరుగుపొరుగు అందరూ చెప్పే మాట ఒకటే: ‘జాగ్రత్త బాబూ’ అని. ఆ సలహా చాలదని, ఒక్కోసారి అదే దారి తప్పిస్తుందని ఈ ప్రసంగంలో వాదించబోతున్నాను. చైను తిరగడం మొదలయ్యాక మనిషి జాగ్రత్తకు చెయ్యడానికి మిగిలేది బహు తక్కువ. కాపాడే పని ఏదైనా ఉంటే అది స్విచ్ నొక్కకముందే పూర్తయిపోవాలి.

ఎందుకంటారా? చిన్న లెక్క వేసి చూద్దాం. ఇళ్లల్లో వాడే రంపానికి సాధారణంగా 14 అంగుళాల బారు ఉంటుంది. దాని చుట్టూ తిరిగే చైను పొడవు సుమారు ఒక మీటరు. దాని మీద కోసే పళ్లు పాతిక దాకా ఉంటాయి. చైను వేగం సెకనుకు 12 మీటర్లు అనుకుంటే, ఒక్క సెకనులో 300 పళ్లు ఒక చోటును దాటిపోతాయి. ఏదో తేడా కొట్టిందని కంటికి తెలిసి, ఆ సంగతి మెదడుకు చేరి, వేలు స్విచ్ వదలడానికి ఎంత చురుకైన మనిషికైనా పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో 75 పళ్లు పని కానిచ్చేస్తాయి. ఇక ఈ రంపంతో వచ్చే ప్రమాదాల్లో అన్నిటికన్నా చెడ్డది ఎదురుతన్ను. ఇంగ్లీషులో కిక్‌బ్యాక్ అంటారు. బారు కొసన, పైభాగంలో ఉన్న చిన్న వంపు గట్టి కొయ్యకు తగిలిందా, అక్కడి పన్ను కొయ్యను కొయ్యలేక దాన్ని ఆనుకుని తంతుంది. ఆ దెబ్బకు రంపం మొత్తం పైకి లేచి, కోసేవాడి మొహం వైపు, మెడ వైపు తిరుగుతుంది. ఇదంతా సెకనులో పదో వంతు కూడా పట్టదు. అంటే చూసి తప్పుకునే ఎదురుతన్ను అనేది లేనే లేదు. తురాయి కొమ్మల గుబురులో పైన కనిపిస్తున్న కొమ్మను కోస్తుంటే, ఆకుల వెనక కనిపించని రెండో కొమ్మకు బారు కొస తగలడమే చాలా ప్రమాదాలకు మూలం. అక్కడ మనిషి జాగ్రత్తగానే ఉన్నాడు, చూపు కూడా కొయ్య మీదే ఉంది. ముందు కత్తితో ఆ గుబురును పలచన చెయ్యలేదు, అంతే.

యంత్రం చేసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన 1926వ సంవత్సరంలోనే జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు కరెంటుతో నడిచే చైను రంపం తయారు చేశాడు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుంటే తప్ప కదలని బరువు అది. పెట్రోలు రంపం అతని చేతి మీదుగా మూడేళ్ల తర్వాత వచ్చింది. కాబట్టి కరెంటు రంపం పెట్రోలు రంపానికి తమ్ముడు కాదు, వరసకు అన్నే. రంపం ఒక్క మనిషి చేతిలో ఇమిడేటంత తేలికయ్యాక ఎదురుతన్ను ప్రాణాంతకమైంది. 1970ల మొదట్లో చైను బ్రేకు వచ్చింది. ముందు పిడికి అవతల నిలబెట్టినట్టుండే ప్లాస్టిక్ రెక్క అదే. రంపం వెనక్కి తన్నినప్పుడు ఎడమచెయ్యి ఆ రెక్కకు తగిలి, చైను టక్కున ఆగిపోతుంది. ఇందులో గమనించాల్సిన విషయం ఉంది. తయారీదారు మనిషి తెలివినీ చురుకునూ నమ్మలేదు, చెయ్యి ఎక్కడ ఉంటుందో దాన్ని నమ్మాడు. ఎడమచెయ్యి ముందు పిడి మీద, బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి, మోచెయ్యి బిగువుగా ఉంటేనే ఆ రెక్క పనిచేస్తుంది. ఒంటిచేత్తో పట్టుకుని రెండో చేత్తో కొమ్మ లాగేవాడికి బ్రేకు ఉన్నా లేనట్టే. మొహం, మెడ బారుకు సూటిగా వెనక ఉండకుండా కొంచెం ఎడమకు జరిగి నిలబడటం, రంపాన్ని భుజం ఎత్తు దాటనివ్వకపోవడం, నిచ్చెన మీద అసలు వాడకపోవడం కూడా ఇలాంటివే. ఇవన్నీ ముందే తీసుకునే నిర్ణయాలు. మధ్యలో గుర్తు తెచ్చుకుంటే లాభం లేదు.

ఈ మాట విశాఖకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలోనో, షిప్‌యార్డులోనో, పోర్టులోనో పనిచేసే మనిషికి ఇది రోజూ చేసే డ్యూటీ. కన్వేయర్ బెల్టు మీద చెయ్యి పెట్టాలంటే ముందు షట్‌డౌన్ తీసుకోవాలి, పర్మిటు మీద సంతకాలు కావాలి, స్విచ్ దగ్గర తాళం పడాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, చేతికి రావాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తిరిగే ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలంది. అక్కడ ఎవరూ ‘జాగ్రత్తగా ఉండు’ అని చెప్పి వదిలెయ్యరు. అదే మనిషి ఆదివారం మద్దిలపాలెంలో ఇంటి వెనక పడ్డ మునగ కొమ్మో, ఏడాకుల పాల చెట్టు కొమ్మో కొయ్యడానికి లుంగీ ఎగ్గట్టి, హవాయి చెప్పులతో, కంచె పెట్టడానికే వీల్లేని యంత్రాన్ని చేతిలోకి తీసుకుంటాడు. వీల్లేదని ఎందుకన్నానంటే, ఫ్యాక్టరీ యంత్రంలో కోసే భాగాన్ని కప్పవచ్చు. ఇక్కడ కోసే భాగం బయట ఉంటేనే పని జరుగుతుంది. కప్పలేని యంత్రానికి పర్మిటు కాగితం లేకపోయినా, పర్మిటులో అడిగే ప్రశ్నలు మాత్రం తప్పవు: కరెంటు ఎక్కడిది, పక్కన ఎవరున్నారు, కొయ్య ఎటు పడుతుంది, పడ్డాక నేనెక్కడుంటాను.

ముందు కరెంటు సంగతి చూద్దాం, అపోహలన్నీ అక్కడే ఉన్నాయి. ‘మా ఇంట్లో ఎంసీబీ ఉంది, షాక్ కొడితే పడిపోతుంది’ అని చాలామంది ధీమా. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 ఆంపియర్లు దాటితే గానీ కదలదు. మనిషి గుండె గతి తప్పడానికి ఆంపియరులో కొద్ది వంతులు చాలు. తడి చేతుల మనిషి 230 వోల్టుల వైరు పట్టుకుంటే ఒంట్లోంచి పోయే కరెంటు పావు ఆంపియరుకు అటూ ఇటూ ఉండవచ్చు. ప్రాణం తియ్యడానికి అది ఎక్కువే, ఎంసీబీకి మాత్రం లెక్కలోకి రాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్లు లెక్క తప్పిందంటే, అంటే ఎవరి ఒంటి గుండానో భూమిలోకి పోతోందంటే, రెప్పపాటులో తెంపేస్తుంది. రంపానికి రెండు పిన్నుల ప్లగ్గు ఉంటుంది కాబట్టి ఎర్తింగు ఆదుకుంటుందన్న ఆశ కూడా లేదు. దాని పైతొడుగు రెండు పొరల ఇన్సులేషన్‌తో ఉండటం మంచిదే. కానీ తెగేది పైతొడుగు కాదు, వెనక వేలాడే వైరు. కోసే యంత్రానికి దాని వైరే అన్నిటికన్నా దగ్గరి శత్రువు. కాబట్టి వైరు ఎప్పుడూ కోసేవాడి వెనక నుంచి, భుజం మీదుగా రావాలి, కొయ్య పడే వైపు ఉండకూడదు. పాత ఇళ్లల్లో ఆర్‌సీసీబీ ఉండదు. అలాంటి చోట రంపం కొనకముందే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించిన జంక్షన్ బాక్సు ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవడం అవసరం. దాని మీద టెస్టు బటన్ ఉంటుంది. పని మొదలుపెట్టే ప్రతిసారీ నొక్కి చూడాలి, పడిపోతేనే రంపం ప్లగ్గు పెట్టాలి.

జంక్షన్ బాక్సు అన్నాం కదా అని టీవీకి వాడే సన్నటి వైరుది పట్టుకురాకూడదు. 2000 వాట్ల రంపం దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ముప్పై మీటర్ల పొడవున ముప్పాతిక చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే దారిలోనే 13 వోల్టులు, వంద వాట్లకు పైగా శక్తి వేడిగా మారిపోతాయి. ఆ వైరును చుట్టలోంచి విప్పకుండా వాడితే ఆ వేడికి పోయే దారి ఉండదు, చుట్ట మధ్యలో ప్లాస్టిక్ మెత్తబడుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రబ్బరు వైరు, 16 ఆంపియర్ల సాకెట్, చుట్ట పూర్తిగా విప్పి పరవడం, ఇవి ఉంటే ఆ బెంగ తీరుతుంది. తుపాను తర్వాత కరెంటు లేక జనరేటరు మీద రంపం నడిపేవాళ్లకు ఒక మాట. జనరేటరు న్యూట్రల్‌ను భూమికి కలిపారో లేదో తెలియకుండా ఆర్‌సీసీబీని నమ్మడానికి లేదు. కలపని చోట అది పనిచెయ్యకపోవచ్చు. వానలో, నీళ్లు నిలిచిన నేల మీద వైరున్న రంపాన్ని బయటికే తియ్యకూడదు. చెట్లు కూలేది వానలోనే కదా అంటారు. నిజమే. వైరు రంపానికి అవసరం ఎక్కువున్న రోజే దానికి అనువు కాని రోజు. అది తుపాను మర్నాటి యంత్రం కాదు, ఎండ కాసిన మూడోనాటి యంత్రం అనుకుని కొనుక్కుంటే పేచీ లేదు.

అయితే బ్యాటరీది కొంటే సరిపోదా అనేవాళ్లున్నారు. 36 వోల్టులో, 40 వోల్టులో, వైరు లేదు, షాక్ లేదు. సగం నిజం. కరెంటు ప్రమాదం పోయింది, చైను మాత్రం అదే చైను. ప్లగ్గు పీకడానికి లేదు కాబట్టి, బిగువు సరిచేసేటప్పుడు బ్యాటరీ తియ్యడం మరిచిపోతే వేలు స్విచ్‌కు తగిలిన క్షణమే చైను కదులుతుంది. పెట్రోలు రంపానికి తాడు లాగాలి, అది దగ్గాలి, పొగ కక్కాలి. ఆ తతంగం చూసి పిల్లలు దూరంగా పోతారు. కరెంటు రంపం నొక్కిన మరుక్షణం పూర్తి బలంతో తిరుగుతుంది, వదిలితే మౌనంగా ఉంటుంది. మిక్సీలా నడుస్తుంది కాబట్టి మిక్సీ అంత సాధువనిపిస్తుంది. దాని అసలు ప్రమాదం ఆ మర్యాదలోనే ఉంది.

ఇక కొయ్య సంగతి. నిలబడ్డ చెట్టు కన్నా పడిపోయిన చెట్టు మోసగాడు. మాను నేల మీద పడుకున్నట్టే కనిపిస్తుంది గానీ లోపల ఎక్కడో ఒక చోట ఒత్తుకుంటూ, మరో చోట సాగుతూ ఉంటుంది. ఉదాహరణకు దుంగ రెండు కొసలూ ఆని, నడుము గాలిలో ఉందనుకోండి. పైభాగం ఒత్తుకుంటోంది, కిందిభాగం సాగుతోంది. పై నుంచి ఒకటే పోతగా కోసుకుపోతే, సగం దాటేసరికి కోత మూసుకుపోయి బారును కరిచి పట్టుకుంటుంది. పై నుంచి మూడో వంతు కోసి ఆపి, మిగతాది కింది నుంచి పైకి కొయ్యాలి. ఒక కొసే ఆని రెండోది గాలిలో వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఒత్తిడి కింద ఉంటుంది. కింది నుంచి మూడో వంతు కోసి, తర్వాత పై నుంచి ముగించాలి. పై నుంచే మొదలుపెడితే కొమ్మ విరుగుతూ, పొడవునా చీలి, కాళ్ల మీదికి వస్తుంది. గోడకు, నేలకు మధ్య విల్లులా వంగిన సరుగుడు కొమ్మ ఇంకా ప్రమాదం. ఎక్కడ తెంపినా అది తన్నేది మనిషినే. మూడు నిమిషాలు చుట్టూ తిరిగి ఎక్కడ ఆనింది, ఎటు వంగింది అని చూడటమే ఇక్కడ సగం పని. వేళ్లతో లేచిన మహావృక్షం ఉంది చూశారూ, హుద్‌హుద్ తర్వాత వీధి వీధినా కనిపించినది, దాని మాను బరువే వేళ్ల దిమ్మను పైకెత్తి పట్టుకుని ఉంటుంది. మాను కోసెయ్యగానే ఆ దిమ్మ గుంతలోకి దభీమని వెనక్కి పడవచ్చు. ఆ గుంతలో పిల్లలు ఆడుకుంటుంటారు. అటువంటి చెట్టు ఇంటి రంపానికి పని కాదు. కరెంటు తీగ మీద పడ్డ చెట్టయితే ఎవరి రంపానికీ పని కాదు, 1912కు ఫోను చేసి, తీగలో సరఫరా లేదని విద్యుత్ సంస్థ మనిషి వచ్చి నిర్ధారించేదాకా. వీధిలో దీపాలు వెలగనంత మాత్రాన తీగ చచ్చిపోలేదు. ఎవరో ఇంటి జనరేటరును బోర్డుకు తప్పుగా కలిపితే కరెంటు వెనకదారిన తీగలోకి ఎక్కుతుంది. 11 వేల వోల్టుల తీగకు పచ్చికొమ్మ కూడా దారే. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కొన్ని చోట్ల తీగలు భూమిలోకి దిగాయి గానీ, తల మీద తీగలున్న సందులు ఇంకా ఉన్నాయి.

ఇంతా విని ఒక పెద్దమనిషి అడగవచ్చు: ‘చెట్లు కొట్టే కూలీలు ఏళ్ల తరబడి చెప్పులతోనే కోస్తున్నారు, వాళ్లకేమైంది?’ అని. రెండు జవాబులున్నాయి. ఏమైందో మనకు తెలియదు, ఎందుకంటే వేళ్లు పోయినవాడు ఆ పని మానేస్తాడు, మన కంటికి మిగిలేది క్షేమంగా ఉన్నవాడే. అదీగాక వాళ్లకు కొయ్య చదవడం వచ్చు. రంపం పెట్టకముందే ఎటు నిలబడాలో వాళ్ల కాళ్లకు తెలుసు. అంటే వాళ్లు ముందే చేసుకునే పని మనకు కనబడటం లేదు, కనబడే చెప్పుల్నే మనం నేర్చుకుంటున్నాం. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: ఈ ఉక్కపోతలో హెల్మెట్టూ, మందపాటి ప్యాంటూ ఎవరు వేసుకుంటారని. ఇందులో న్యాయముంది. రంపం కోతను ఆపే ప్రత్యేకమైన ప్యాంట్లు చలిదేశాల కోసం పుట్టాయి. వాటిని చైను వేగాన్ని బట్టి తరగతులుగా విడగొడతారు. మొదటి తరగతిది సెకనుకు 20 మీటర్ల దగ్గర పరీక్షకు నిలవాలి. లోపలి పొడవాటి పోగులు చైనుకు చుట్టుకుని, చక్రాన్ని బిగదీసి ఆపుతాయి. చిత్రమేమిటంటే ఈ కిటుకు పెట్రోలు రంపానికి పనిచేసినంత నమ్మకంగా కరెంటు రంపానికి పనిచెయ్యదు. కరెంటు మోటారు వేగం తగ్గినా బలం తగ్గదు, పోగుల్ని తెంపుకుంటూ తిరగవచ్చు. ఈ హెచ్చరిక కొన్ని ప్యాంట్ల మీదే రాసి ఉంటుంది. అందుకే నేను ప్యాంటు దగ్గర మొండిపట్టు పట్టను. కంటికి అద్దాలు, చెవులకు మఫ్స్, కాలికి ముందు ఉక్కు తొడుగున్న సేఫ్టీ షూ, ఒంటికి బిగువైన బట్టలు, వీటి మీద మాత్రం బేరం లేదు. సేఫ్టీ షూ ఈ ఊళ్లో ఎన్ని ఇళ్ల గుమ్మాల్లో లేదు కనుక! ఉక్కకు మందు పొద్దున్నే మొదలుపెట్టడం, అరగంటకోసారి ఆపడం. అలసిన చెయ్యి పిడి మీద సడలుతుంది, సడలిన చేతికి బ్రేకు అందదు.

చైను పనులు క్లుప్తంగా చెబుతాను. ప్లగ్గు పీకి, చేతికి తొడుగు వేసుకుని లాగితే చైను బారును అంటుకునే ఉండాలి, తేలిగ్గా తిరగాలి. వేలాడితే బారు దిగి జారుతుంది. కొత్త చైను మొదటి గంటలో సాగుతుంది, మళ్లీ చూడాలి. వేడి మీద బిగించిన చైనును పని అయ్యాక వదులు చెయ్యకపోతే చల్లారి బారును నొక్కేస్తుంది. నూనె కావాలి, కరెంటు రంపమైనా సరే. కార్ల షెడ్డులో పారబోసే నల్ల ఇంజనాయిలు మాత్రం వద్దు. మొద్దుబారిన చైను రంపపు పొట్టుకు బదులు పిండి రాలుస్తుంది. అది కనిపించిందంటే మనిషి తెలియకుండానే రంపాన్ని అదుముతున్నాడన్నమాట. అదిమినవాడే జారుతాడు. కొబ్బరి మాను పైచెక్క చైనును త్వరగా మొద్దు చేస్తుందని ఉద్దానంలో కోసినవాళ్లకు తెలుసు. ఇంకోటి, నిలిచి ఉన్న చెట్టు సొంత పెరడులోదైనా సరే, నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం చాలా రకాల చెట్లు కొట్టడానికి అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం తిరిగే నాలుగు రోజుల్లో చెట్టును నాలుగు వైపుల నుంచీ చూసే వీలు దొరుకుతుంది.

చివరి అభ్యంతరం డబ్బుది. రంపం కొన్నంత ఖర్చూ మళ్లీ వీటన్నిటికీ పెట్టాలా అని. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వాడే యంత్రాన్ని ఇంటికొకటి కొనడమే అసలు దుబారా. పిఠాపురం కాలనీలోనో, చైతన్యనగర్‌లోనో పది ఇళ్ల సంఘం కలిసి ఒక రంపం, ఆర్‌సీసీబీ బాక్సు, అద్దాలు, మఫ్స్, గాజు గుడ్డ, కట్టు సామాను కొని ఒకే పెట్టెలో పెట్టవచ్చు. దాన్ని వాడటం తెలిసిన ఇద్దరి దగ్గరే తాళం ఉంచవచ్చు. కట్టు సామాను ఎందుకంటే, చైను చేసే గాయం కత్తిగాటులా ఉండదు, చీలికలు పీలికలుగా ఉంటుంది, నెత్తురు ఆగదు. దాని మీద పసుపూ, కాఫీపొడీ అద్దకుండా, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, ఆ అదుము తియ్యకుండానే 108 కోసం ఆగాలి. అదిమిపట్టడానికి రెండో మనిషి ఉండాలి. అందుకే ఆ పెట్టె తాళం ఎప్పుడూ ఒక్కడికి ఇవ్వకూడదు. ఇద్దరు వస్తేనే ఇవ్వాలి.